ఏడో ర్యాంపు మీద ఎవరూ లేరు

గదినిండా కొట్టిన సెంటు వాసన పొద్దున్నే ఆమెకి గుమ్మంలోనే ఎదురొచ్చింది. మూడేళ్ళుగా ఆ కంట్రోల్ రూంలో తడిసిన తివాచీ కంపు, మాడిన కాఫీ కంపు తప్ప ఇంకో వాసన లేదు. ఏసీలోంచి కారే నీళ్ళకి ఒక బకెట్ పెట్టించమని ఆమె ఆరుసార్లు అర్జీ పెట్టుకుంది. బకెట్ రాలేదు. ఈవేళ పైనుంచి అతిథులు వస్తున్నారని తెలియగానే పెద్దసారుకి ఉన్నట్టుండి ముక్కు పనిచెయ్యడం మొదలుపెట్టింది. తివాచీ తీయించలేదు, ఏసీ బాగుచేయించలేదు, రెండు సీసాల సెంటు తెప్పించి మూలమూలలా కొట్టించాడు. గది ఇప్పుడూ కంపు కొడుతూనే ఉంది, కాకపోతే ముస్తాబై పెళ్ళికి బయల్దేరిన కంపులా ఉంది.

ఆమెకి నలభై ఆరేళ్ళు. మూడో కుర్చీ ఆమెది. గదిలో అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు, ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్దవాడైన పెద్దసారుతో సహా. మొదట్లో ఆ పిలుపుకి నవ్వొచ్చేది. ఏదైనా పని అంటగట్టే ముందు మాత్రమే ఆయన అలా పిలుస్తాడని తెలిశాక నవ్వు రావడం మానేసింది.

"అక్కా, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో గుర్తుందిగా? బండ్లు గోడ మీద సగం దాటాక. ముందే కొట్టి పరువు తియ్యకండి," అన్నాడు పెద్దసారు.

చప్పట్లకి కూడా రిహార్సల్. నిన్న సాయంత్రం రెండుసార్లు కొట్టించాడు, చాలదని మూడోసారి కొట్టించాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూసింది.

గోడంటే మామూలు గోడ కాదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తెర. దాని మీద అరవై రెండు కిలోమీటర్ల హైవే ఒక పచ్చగీతలా సాగిపోతుంది. రోడ్డు పొడుగునా అరకిలోమీటరుకొక స్తంభం ఉంది. ఆ స్తంభాలు బండ్లని చూస్తాయి, బండ్లు పంపే కబురు వింటాయి, ఎంత వేగంతో పోవాలో బండ్లకి చెబుతాయి. కొత్త బండ్లు ఆ మాట విని వాటంతటవే నెమ్మదిస్తాయి. పాత బండ్ల వాళ్ళకి పైన బోర్డు మీద అంకె కనబడుతుంది. ముందెక్కడో రద్దీ ముదురుతోందంటే అయిదు కిలోమీటర్ల వెనకనుంచే అందరినీ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తే, ఎవరూ ఆగే పని లేకుండానే రద్దీ కరిగిపోతుంది. మొదటి ఏడాది అది నిజంగానే కరిగింది. ఇంటికి పోతూ ఆమె ఆ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూసి మురిసిపోయేది. అది అబద్ధం కాదు.

ఊరి వీధుల్లోంచి హైవే మీదికి ఎక్కే ఏటవాలు దారులు పదకొండున్నాయి. వాటిని ర్యాంపులంటారు. ఒక్కో ర్యాంపు పైకొసన ఒక లైటు. ఒక పచ్చకి ఒక బండి ఎక్కాలి, మళ్ళీ ఎరుపు. పైన రోడ్డు నిండుగా ఉంటే ఎరుపు ఎక్కువసేపు ఉంటుంది. కింద ర్యాంపు మీద అరవై బండ్లు దాటి పోగుపడితే మాత్రం, వీధులు మూసుకుపోకుండా లైటు దానంతటదే పచ్చయి అందరినీ వదిలేస్తుంది. ఇదీ ఏర్పాటు.

ఈవేళ పదకొండుకి ఈ ఆఫీసు ముందుకి ఎనిమిది తెలివైన బండ్లు రావాలి. వాటికి డ్రైవర్లుండరు. లోపల అతిథులు ఈ గదిని తెర మీద చూసుకుంటూ కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఒకదాని వెనక ఒకటి ఏడేసి మీటర్ల ఎడంతో, ఎనభై వేగంతో, స్తంభాలతో మాట్లాడుకుంటూ అరవై రెండు కిలోమీటర్లూ వస్తాయి. అందుకని పైన రోడ్డు ఎనభైకి తగ్గకూడదని పొద్దున తొమ్మిదికే ఆజ్ఞ ఇచ్చేశారు. పదకొండు ర్యాంపుల మీదా ఎరుపు బిగుసుకుపోయింది. గోడ మీద గీత మాత్రం లేత ఆకులా పచ్చగా ఉంది.

పదీ పదికి ఆమె ఫోన్ మోగింది. తమ్ముడు.

తమ్ముడు డయాలసిస్ సెంటరు వాళ్ళ వాను నడుపుతాడు. మూత్రపిండాలు పనిచెయ్యని వాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, రక్తం శుభ్రం చేసే మిషన్ల దగ్గర దింపి, నాలుగు గంటలయ్యాక మళ్ళీ ఇళ్ళకి చేరుస్తాడు. వారానికి మూడు రోజులు అదే ఆరుగురు.

"అక్కా, ఏడో ర్యాంపు మీద ఉన్నా. గంట దాటింది. చీమ కూడా కదల్లేదు."

ఆమె తెర కేసి చూసింది. ఏడో ర్యాంపు ఎదురుగా ఒకటే అంకె. సున్నా.

"నీ ముందు ఎవరూ లేర్రా. సున్నా చూపిస్తోంది. మళ్ళీ ఎక్కడో బండాపుకుని ఫోన్ చూసుకుంటున్నావా?"

"సున్నానా? నా ముందు సిమెంటు లారీ ఉందక్కా! దాని వెనక ఏం రాసుందో కంఠతా వచ్చేసింది, అప్పజెప్పమంటావా? నీ గోడకి కళ్ళు పోయాయేమో చూసుకో."

"ఎకసెక్కాలొద్దు."

"ఎకసెక్కం కాదే. దర్జీ బాబాయికి కాళ్ళు ఉబ్బిపోయాయి. ఊపిరి ఎగబీలుస్తున్నాడు. ఇంజన్ వేడెక్కుతోందని ఏసీ ఆపేశాను. వెనకసీటు ఆవిడ సంచిలో వాంతి చేసుకుంది, ఆ సంచి ఎక్కడ పారెయ్యాలో తెలీక ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. పదకొండు దాటితే బాబాయి కుర్చీ పోతుందక్కా. ఇది మూడోసారి."

ఆ మూడోసారి సంగతి ఆమెకి తెలుసు. సెంటరులో మిషన్లు తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ. ఒక్కో కుర్చీ కోసం వరసలో పేర్లున్నాయి. ఆ పేర్లవాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి బయట బెంచీ మీద కాచుక్కూర్చుంటారు. కుర్చీ ఉన్నవాడు నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఆ కుర్చీ అక్కడికక్కడే వరసలో మొదటివాళ్ళకి వెళ్ళిపోతుంది. రోడ్డు మీద జామ్ ఉందని రోడ్డాఫీసు రికార్డు చెబితే మాత్రం ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. అందుకోసమే ఈ గది తెరనీ ఆ సెంటరు తెరనీ కలిపారు. మిగిలిన అయిదుగురికీ ఇది రెండో ఆలస్యం. వాళ్ళు రోజు మార్చుకున్న ఒక వారం దర్జీ ఒక్కడే వానులో వచ్చాడు కాబట్టి అతనికి మూడోది.

కిందటి రెండుసార్లూ రికార్డు చూసింది ఆమే. జామ్ లేదనే చూపించింది. రోగుల్ని బండిలో పెట్టుకుని దారిలో సొంత పనులు చక్కబెట్టుకుంటున్నావని తమ్ముణ్ణి నానా తిట్లూ తిట్టింది. వాడు ఏడుపొక్కటే తక్కువగా, ఒట్టేసి మరీ చెప్పాడు. తోడబుట్టినవాడి ఒట్టుకంటే గోడ మీద అంకె నిజమనిపించింది ఆమెకి.

ఏడో ర్యాంపు దగ్గరున్న కెమెరాని అతిథుల ఊరేగింపు అందంగా కనబడాలని నిన్ననే పై రోడ్డుకి తిప్పేశారు. ఆమె దాన్ని మెల్లగా కిందికి తిప్పింది.

ఏటవాలు దారి నిండిపోయి ఉంది. వరస మలుపు తిరిగి, మందుల షాపు దాటి, పెట్రోలు బంకు దాటి, కెమెరాకి అందనంత దూరం పోయింది. ఎండ నెత్తి మీద కొడుతోంది. ఒకాయన బస్సు చక్రం చాటుకి పోయి అందరూ చూస్తుండగానే ఒంటేలు పోస్తున్నాడు, చూసేవాళ్ళు కూడా తల తిప్పుకునే ఓపిక లేనట్టున్నారు. ఒక తల్లి కారు తలుపు తెరిచి చంటిపిల్లకి ఫైలు అట్టతో విసురుతోంది. తిని పారేసిన పొట్లాల మీద ఈగలు. ఎంత లేదన్నా మూడొందల బండ్లు. వాటి పక్కనే ఆమె తెర మీద సున్నా, శుభ్రంగా కడిగిన పళ్ళెంలా.

అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట నాలుగో ర్యాంపు అంచున లారీలవాళ్ళు బండ్లాపుకుని నిద్రపోయేవాళ్ళు. స్తంభాలు ఆ లారీలని కూడా వరసలో నిలబడ్డ బండ్లకిందే లెక్కేసేవి. గోడ ఊరికే ఎర్రబడేది. పైవాళ్ళు పెద్దసారుని దులిపేసేవాళ్ళు. మీటింగులో ఏం చెయ్యాలో తెలియక అందరూ నీళ్ళు నములుతుంటే, ఆమే అంది: "పదిహేను నిమిషాలు కదలకుండా ఉంటే అది వరసలో ఉన్నట్టు కాదు కదండీ, బండి ఆపుకున్నట్టే కదా. లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది." ర్యాంపు మీద నాలుగు నిమిషాలు ఆగితే గొప్ప అనుకునే రోజులవి. గదంతా బల్లలు చరిచారు. మర్నాటికి అది నిబంధన అయి కూర్చుంది. తర్వాత వేరే నాలుగు హైవేలవాళ్ళు కూడా దాన్ని పట్టుకెళ్ళారని విని ఆమె ఆ రోజంతా గాల్లో తేలింది.

ఆ తర్వాత బండ్లు పెరిగాయి, ఎరుపు పెరిగింది. నాలుగు నిమిషాలు పదయ్యాయి, పది ఇరవయ్యాయి. పదిహేను దాటగానే బండి లెక్కలోంచి మాయం. లెక్క తగ్గేసరికి ర్యాంపు ఖాళీగా ఉందనుకుని లైటు ఎరుపుని ఇంకా పొడిగించేది. ఎంత ఎక్కువమంది ఇరుక్కుంటే గోడ అంత పచ్చగా ఉండేది. పచ్చగా ఉన్నదాన్ని ఎవరు అడుగుతారు? ఆమె కూడా అడగలేదు.

లేచి పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆయన అద్దంలో చూసుకుంటూ టై సర్దుకుంటున్నాడు. పక్కనే స్తంభాల కంపెనీ ఇంజనీరు నించున్నాడు. ఏదడిగినా 'దానికి మా దగ్గర పరిష్కారం ఉంది' అంటాడని గదిలో అతనికి పరిష్కారం అనే పేరు స్థిరపడిపోయింది.

"సార్, ఏడో ర్యాంపు మీద మూడొందల బండ్లున్నాయి. లెక్కలో సున్నా చూపిస్తోంది. పదిహేను నిమిషాల నిబంధన వాటిని మింగేస్తోంది. లైటు చేత్తో మార్చాలి, మీ పాస్‌వర్డ్ కావాలి."

"ఇరవై నిమిషాలు ఆగక్కా. అతిథుల బండ్లు ఏడో ర్యాంపు దాటాక నీ ఇష్టం."

"అందులో డయాలసిస్ వాళ్ళున్నారు సార్. పదకొండుకి చేరకపోతే ఒకాయన కుర్చీ పోతుంది. ఆయన పరిస్థితి కూడా బాగాలేదు."

"బాగాలేకపోతే అంబులెన్స్ పిలవమను."

"అంబులెన్సు కూడా ఆ ర్యాంపు మీంచేగా సార్ రావాలి?"

పెద్దసారు నీళ్ళ గ్లాసు ఎత్తి తాగాడు. "నువ్వు తెలివైనదానివి. కాస్త ఆలోచించు. గోడ మీద లేని వరసని మనం వదిలామనుకో, గోడ తప్పని మనమే ఒప్పుకున్నట్టు. అదీ ఈరోజు. ఆ అతిథుల ముందు."

"కానీ సార్, జనం..."

"సిస్టంలో లేనిదాన్ని సిస్టం ఎలా వదులుతుంది మేడం?" అన్నాడు పరిష్కారం, చిన్నపిల్లకి చెప్పినట్టు. నవ్వాడు కూడా. ఆ పళ్ళు చూస్తుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

అక్కడ ఇంకో క్షణం నిలబడితే ఏమంటుందో తనకే తెలియదు. వాష్‌రూంకి వెళ్ళి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంది. అక్కడా సెంటు కొట్టించారు. కుళాయి కట్టేసి, తడిచేతులు చీరకే తుడుచుకుంటుంటే ఆమెకి తట్టింది. కదలనివాటిని కదా లెక్కలోంచి తీసేస్తున్నది. ఒక్క అడుగు కదిలితే?

తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, చెప్పింది చెప్పినట్టు చెయ్యి. బండి ఒక్క అడుగు వెనక్కి తీసుకో, మళ్ళీ ముందుకి రా."

"ఎండదెబ్బ నీకు తగిలిందా, నాకు తగిలిందా?"

"నోర్మూసుకుని విను. చక్రం తిరిగితే మీరు బతికున్నట్టు మా తెరకి తెలుస్తుంది. నువ్వొక్కడివి చాలవు. అరవై దాటాలి. దిగి అందరికీ చెప్పు. పరిగెత్తు."

మూడో కుర్చీలోకి వచ్చి కూర్చుని చూసింది. కెమెరాలో వాడు వాను దిగి సిమెంటు లారీ కిటికీ దగ్గర చేతులు తిప్పుతున్నాడు. లారీ డ్రైవరు వాణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వాడు తన వానుని చూపించాడు, ఆకాశంలో స్తంభాన్ని చూపించాడు, దండం పెట్టాడు. చివరికి లారీ బద్ధకంగా ఒక అడుగు వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకి పోయింది.

సున్నా ఒకటయింది.

వాడు పరిగెత్తుతూనే ఉన్నాడు. కారువాడు కదిలాడు, వెనక ఆటోవాడు కదిలాడు. బస్సులో జనం దిగి చోటు చూపిస్తూ అరుస్తున్నారు. గంటన్నరగా చచ్చినట్టు పడున్న వరస కాస్తా ఉయ్యాలలా ఊగడం మొదలుపెట్టింది. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో హారన్ మోగిస్తూ బూతులు తిడుతున్నారు, తిడుతూనే వెనక్కీ ముందుకీ ఆడిస్తున్నారు. అంకె తొమ్మిదయింది. ఇరవై నాలుగు. నలభై ఒకటి. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. యాభై ఎనిమిది దగ్గర అంకె కాసేపు ఆగింది. ఆగి, అరవై ఒకటయింది.

గోడ మీద ఏడో ర్యాంపు నెత్తురు రంగులోకి మారింది. లైటు దానంతటదే పచ్చయింది.

సరిగ్గా అప్పుడే ఎనిమిది తెలివైన బండ్లూ ఏడో ర్యాంపు దగ్గరికొస్తున్నాయి. మూడొందల బండ్లు ఒక్కసారిగా పైకి ఎక్కాయి. తెలివైన బండ్ల తప్పేమీ లేదు. ఎవరైనా మధ్యలోకి వస్తే వెనక్కి తగ్గమని వాటికి నేర్పారు, అవి తగ్గాయి. సిమెంటు లారీకి దారిచ్చాయి, ఆటోకి దారిచ్చాయి, బస్సుకి దారిచ్చాయి. ఆ రోజు ఆ రోడ్డు మీద మర్యాదగా నడుచుకున్నవి ఆ ఎనిమిది బండ్లే. ఎనభై వేగం పన్నెండుకి పడిపోయింది. గదిలో ఎవడో అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి నాలిక్కరుచుకున్నాడు.

పెద్దసారు ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఎవరు? ఎవరు చేశారిది?"

"నేనే సార్. వాళ్ళని కొంచెం కదలమన్నాను. అంతే."

"నీ కార్డు ఇక్కడ పెట్టి ఇంటికి పో."

ఆమె మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టింది. పెద్దసారు అప్పటికే పరిష్కారం వైపు తిరిగాడు. "ఆ లెక్క మొత్తం తీసేయించు. మూడొందల బండ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయని అడిగితే ఏం చెప్పను?"

"నిలబడ్డ బండ్లు నాటకమాడితే వచ్చిన అంకెలు సార్ అవి. తప్పుడు లెక్క అని గుర్తు పెట్టేస్తే రికార్డులోంచి పోతాయి. రెండు నిమిషాల పని."

"తియ్యకండి సార్," అంది ఆమె. "సెంటరు వాళ్ళు ఆ రికార్డే చూస్తారు. అది పోతే దర్జీ కుర్చీ పోతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మనది రోడ్డు. ఆస్పత్రి మనది కాదు," అన్నాడు పెద్దసారు, చేతులు దులుపుకున్నట్టు.

కాళ్ళు పట్టుకుంటానన్నందుకే ఆమెకి తర్వాత చాలాసేపు చేతులు కడుక్కోవాలనిపించింది.

కింది రోడ్డు బస్సు పట్టుకుని సెంటరుకి చేరేసరికి పన్నెండున్నర. వాను పదకొండూ ఇరవైకి చేరిందట. అయిదుగురికి మిషన్లు పెట్టేశారు. దర్జీ బయట బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొట్టి మనిషి, మెడలో టేపు ఉండాల్సినచోట తువ్వాలు వేలాడుతోంది. చెప్పులు పట్టక పాదాలు నేల మీదే పెట్టుకున్నాడు, అవి నీళ్ళలో నానినట్టు ఉబ్బి ఉన్నాయి. తమ్ముడు నర్సుతో వాదించి వాదించి గొంతు బొంగురు పోయి ఉన్నాడు.

"అక్కా, మేము దారిలో బండి ఆపుకుని కూర్చున్నామంట. గంటా నలభై నిమిషాలు. షికారుకి పోయామంట."

నర్సు తెర తిప్పి చూపించింది. ఏడో ర్యాంపు. జామ్ లేదు. వాను: స్వచ్ఛందంగా నిలిపినది.

"ఇది తప్పు మేడం. ఆ నిబంధన పెట్టించింది నేనే. నేనే చెబుతున్నాను తప్పని. కాయితం మీద రాసిస్తాను," అంది ఆమె.

"మీరు రాసిస్తే నేనెక్కడ పెట్టుకోనమ్మా? నాకు తెర మీద ఉన్నదే లెక్క. అక్కడ మార్పించుకు రండి," అంది నర్సు. చెడ్డమనిషి కాదు. ఆవిడ కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"కనీసం ఇవాళ్టికి..."

నర్సు తలుపు కొంచెం తెరిచింది. దర్జీ కుర్చీలో ఇరవై రెండేళ్ళు కూడా నిండని అమ్మాయి పడుకుని ఉంది. చేతికి గొట్టాలు పెట్టేశారు, మిషన్ తిరుగుతోంది. పక్కన స్టూలు మీద తల్లి, కూతురి కాలి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. ఏడు నెలలుగా బయట బెంచీ మీద కాచుకున్నారట. తల్లి వచ్చినవాళ్ళని చూసి, ఎవరో తెలియక, నవ్వింది. ఆ నవ్వు ముందు ఆమెకి తలెత్తుకోవడం చేతకాలేదు.

"ఆ పిల్లని లేపొద్దమ్మా," అన్నాడు దర్జీ వెనకనుంచి, ఆయాసపడుతూ. "ఇక పదండి."

నర్సు చీటీ రాసిచ్చింది. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఇవాళ్టికి ఒక్కసారికి మిషన్ పెడతారు. మధ్యాహ్నం రెండు లోపు చేరాలి, ఆ తర్వాత మిషన్ నడిపే మనిషి డ్యూటీ దిగిపోతాడు. రేపటి సంగతి, ఎల్లుండి సంగతి ఎవరికీ తెలియదు. వరసలో కొత్తగా చేర్చుకుంటే దర్జీ అంకె ముప్ఫై ఏడు.

వానులో వెనకసీటు దగ్గర ఇంకా పులిసిన వాసన వస్తోంది. ఆమె దర్జీ పక్కనే కూర్చుని అతని కాళ్ళు తన సంచి మీద ఎత్తి పెట్టింది. పెద్దాసుపత్రికి అయిదో ర్యాంపు ఎక్కాలి. వేరే దారి లేదు.

"బాబాయిగారూ, మీకొక మాట చెప్పాలి," అంది. చెప్పింది. మీటింగు, పదిహేను నిమిషాలు, బల్లలు చరచడం, అన్నీ. తమ్ముడు ముందు అద్దంలోంచి ఆమెని ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు.

దర్జీ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేనూ ఒకాయనకి కొలతలు తప్పు తీశానమ్మా, కొత్తలో. చొక్కా పట్టలేదు. చొక్కా బాగానే ఉంది, మీరే లావెక్కారని దబాయించాను. పాపం నమ్మేశాడు. రాత్రిపూట తిండి తగ్గించాడట కూడాను." నవ్వబోయాడు, దగ్గొచ్చింది. ఆమె వీపు నిమిరింది. చేతికి ఎముకలు తగిలాయి.

ఒంటిగంటా పదికి అయిదో ర్యాంపు మొదట్లో ఆగారు. ముందు బండి, దాని ముందు బండి, దాని ముందు ఇంకా బండ్లు. ఎరుపు. అయిదు నిమిషాలు చూశారు, పది నిమిషాలు చూశారు. పదిహేను దాటగానే ఎవరూ చెప్పకుండానే తమ్ముడు దిగాడు. ఈసారి జనానికి పెద్దగా చెప్పనక్కర్లేకపోయింది, ఏడో ర్యాంపు కబురు అప్పటికే ఊరంతా పాకింది. లారీలు, కార్లు, బస్సులు ఒక అడుగు వెనక్కీ ఒక అడుగు ముందుకీ ఊగాయి. ఆమె లైటు కేసి చూస్తూ కూర్చుంది. లైటు మారలేదు. జనం మళ్ళీ ఊగించారు. మారలేదు.

ఫోన్ మోగింది. పరిష్కారం.

"మేడం, మీకు ముందు నేనే చెబుదామని! పొద్దున జరిగింది చూశాక మా వాళ్ళు కూర్చుని లోపం పట్టేశారు. నిలబడ్డ బండి కొంచెం కదిలినా లెక్కలోకి వచ్చేస్తోంది, అదీ సంగతి. ఇప్పుడు యాభై మీటర్లు కదిలితేనే లెక్క. అన్ని ర్యాంపుల మీదా పెట్టేశాం, రెండు గంటల్లో! పెద్దసారు కూడా చల్లబడ్డారు. లోపం బయటపడింది మీ వల్లేనని రిపోర్టులో రాశాం. కార్డు రేపొచ్చి తీసుకోమన్నారు."

ఆమె ఫోన్ చెవి దగ్గర్నుంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. అవతల అతను హలో హలో అంటున్నాడు. తమ్ముడు చెమటలు కక్కుతూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఏమైందక్కా? అందరూ కదులుతున్నారుగా, ఎందుకు వదలట్లేదు?"

గడియారం ఒకటీ ముప్ఫై అయిదు చూపిస్తోంది. దర్జీ కళ్ళు మూసుకునే, మెల్లగా అడిగాడు.

"ఫోన్‌లో మీ ఆఫీసువాళ్ళేనామ్మా? ఏమంటున్నారు?"

"దారి ఖాళీగా ఉందంటున్నారు బాబాయిగారూ," అంది ఆమె.